సెల్యూటూ, రైస్ కుక్కరూ

మొన్న సెప్టెంబరులో ఓ ఆదివారం మా అక్క తోడికోడలు కొడుకు కాపెల్‌లో మా ఇంటికి భోజనానికొచ్చాడు. డాలస్ ప్రాంతంలోనే ఎమ్మెస్‌లో చేరి నెల కావస్తోంది. పప్పు దగ్గరా మాట్లాడలేదు, పులుసు దగ్గరా మాట్లాడలేదు. పెరుగన్నం కలుపుకుంటూ మెల్లిగా అన్నాడు: "మావయ్యా, ఇక్కడికొచ్చాక తిన్నావా అని అడిగింది మీరే మొదలు."

నాకు 1909 నాటి ఓ సంగతి గుర్తొచ్చింది. న్యూయార్కు వైఎంసీఏలో పనిచేసే హ్యారీ ఎడ్మండ్స్ అనే ఆయన, కొలంబియా యూనివర్సిటీ లైబ్రరీ మెట్ల మీద ఎదురైన ఓ చైనా విద్యార్థికి మామూలుగా "గుడ్ మార్నింగ్" చెప్పాడట. ఆ ఊరొచ్చి మూడు వారాలైందనీ, తనని పలకరించిన మొదటి మనిషి ఈయనేననీ అన్నాడట ఆ కుర్రాడు. ఎడ్మండ్స్ దంపతులు ఆదివారాలు విదేశీ విద్యార్థుల్ని భోజనానికి పిలవడం మొదలెట్టారు. రాక్‌ఫెల్లర్ డబ్బు తోడై, 1924లో అదే ఇంటర్నేషనల్ హౌస్ అయ్యింది.

యూనివర్సిటీలకి మాత్రం ఈ విషయం తట్టడానికి టైము పట్టింది. 1923లో మెయిన్ యూనివర్సిటీ కొత్తవాళ్ళ కోసం 'ఫ్రెష్‌మన్ వీక్' పెట్టింది. అదే ఏడు అక్టోబరులో మన భీమవరం మనిషి యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లో దిగారు. స్కాలర్‌షిప్ లేదు. రాత్రుళ్ళు ఆస్పత్రిలో బెడ్‌పాన్లు కడుగుతూ హార్వర్డ్‌లో చదువుకున్నారు. ఆయన పరిశోధనల గురించి గొప్పగా చెప్పుకుంటాం గానీ, ఆ మొదటి చలికాలం ఎలా గడిచిందో ఎవరం ఆలోచించం. పైగా "ఆయన నెగ్గుకు రాలేదూ, నీకేమయ్యింది?" అని పిల్లల్ని దెప్పుతాం!

1970 మే నెలలో సౌత్ కరొలైనా యూనివర్సిటీలో విద్యార్థులు తిరగబడి ప్రెసిడెంటుని ఆఫీసులోనే దిగ్బంధం చేశారు. ఆయన, అంటే థామస్ జోన్స్, పిల్లల్ని శిక్షించి ఊరుకోలేదు. వీళ్ళకి ఈ చోటు మనదనిపించేలా చెయ్యలేకపోయామేమో అనుకున్నాడు. 1972లో మొదటి ఏడాది వాళ్ళ కోసం 'యూనివర్సిటీ 101' అనే కోర్సు పుట్టింది.

మరి మన దగ్గర? కొత్తవాళ్ళకి కాలేజీ అలవాటు చేసే పని సీనియర్లు నెత్తినేసుకున్నారు. దాని పేరే ర్యాగింగ్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో దాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. 2009లో యూజీసీ నిబంధనలొచ్చాయి. కొత్త విద్యార్థుల్ని చిన్న జట్లుగా చేసి, ఒక్కో జట్టుకీ ఓ అధ్యాపకుణ్ణి పెట్టమన్నాయవి. 2017లో ఏఐసీటీఈ ఇంజనీరింగు కాలేజీల్లో మూడు వారాల ఇండక్షన్ పెట్టమంది.

నేను 2006లో ఇంజనీరింగులో చేరేసరికి చట్టానికి తొమ్మిదేళ్ళు. అయినా హాస్టల్ వరండాలో చూపు చొక్కా మూడో గుండీ మీదే ఉండాలి, కనపడ్డ ప్రతి సీనియర్‌కీ సెల్యూట్ కొట్టాలి. ఇదెందుకని అడిగితే ఒకటే జవాబు: "మేం పడ్డాం, మీరూ పడండి."

2010లో ఎమ్మెస్‌కొచ్చినప్పుడు, అర్ధరాత్రి ఎయిర్‌పోర్టుకొచ్చి నన్ను తీసుకెళ్ళింది కూడా ఓ సీనియరే. తన పరుపు నాకిచ్చి తను కార్పెట్ మీద పడుకున్నాడు. రైస్ కుక్కర్లో అన్నం, ఆవకాయ. తనూ ఇండియాలో సెల్యూట్లు కొట్టించుకున్నవాడేనని నవ్వుతూ ఒప్పుకున్నాడు. ఇక్కడ దిగిన మొదటి రాత్రి తనకెవరూ రాలేదట. "మేం పడ్డాం, మీరు పడొద్దు" అన్నాడు.

చూశారా, పడ్డ కష్టం ఒకటే. దాన్ని పక్కవాడి మీద తీర్చుకుంటే సెల్యూటు, పక్కవాడికి తప్పిస్తే రైస్ కుక్కరు.

ఇంకోటి చెప్పకపోతే ఈ రాత అబద్ధం. సెకండియర్లో నేనూ ఓ పిల్లాడి చేత సెల్యూట్ కొట్టించాను. దసరా సెలవులకి ఊరెళ్ళినవాడు మళ్ళీ కాలేజీకి రాలేదు. ఎందుకు రాలేదో నేనెవర్నీ అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది.

మావాడికి పులుసు డబ్బాలో పెట్టిచ్చి, వచ్చే ఆదివారం క్లాసులో ఎవరితోనూ మాట్లాడని కుర్రాడెవడైనా ఉంటే వెంటబెట్టుకు రమ్మన్నాను.

ఇద్దర్ని తీసుకొచ్చాడు.