ఝపటాపూర్ తెలుగు: కొలువు నుంచి గుర్తింపు దాకా

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకు నిలబడే చోటు మొదట ఇచ్చింది రాజ్యాంగం కాదు, రైల్వే. 1887లో ఏర్పడ్డ బెంగాల్ నాగపూర్ రైల్వే 1902లో తూర్పు తీర మార్గం ఉత్తర భాగాన్ని కలుపుకుంది. ఇప్పటి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల పల్లెలకు ఖరగ్‌పూర్ వర్క్‌షాపు దగ్గరైంది. కూలికి వెళ్లినవాళ్లు ఇంటిల్లిపాదినీ రప్పించుకున్నారు. ఝపటాపూర్, మథురాకాటి, నింపుర పేటల్లో బెంగాలీ, ఒడియా, పంజాబీ ఇళ్ల నడుమ తెలుగు ఇళ్లు లేచాయి.

1927లో వర్క్‌షాపు సమ్మె జరిగినప్పుడు కార్మిక సంఘం నాయకుల్లో బరంపురం తెలుగువాడు వి.వి. గిరి ఉన్నారు. అడిగింది ఉద్యోగ భద్రత. భాష ఊసే లేదు. కొలువు, క్వార్టరు ఉన్నంతకాలం ఆ అవసరం రాలేదు కాబోలు.

ఆ అవసరాన్ని తెచ్చిపెట్టింది, ఒక రకంగా, మనమే. పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగంతో 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1956లో దేశంలో చాలావరకు భాషల వారీగా సరిహద్దులు గీశారు. గీతకు అవతల మిగిలినవాడు పరాయివాడయ్యాడు. అందుకే అదే ఏడు ఏడో సవరణతో 350ఎ, 350బి అధికరణాలు చేర్చారు: ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు ఏర్పాట్లు, భాషా అల్పసంఖ్యాకులకు ప్రత్యేకాధికారి. విద్యాసంస్థలు పెట్టుకునే హక్కు 30వ అధికరణంలో ముందే ఉంది. భాషాపరంగా ఎవరు అల్పసంఖ్యాకులో రాష్ట్రాన్ని బట్టే తేల్చాలని 2002లో సుప్రీంకోర్టు టి.ఎం.ఎ. పాయ్ కేసులో చెప్పింది. అంటే విజయవాడలో మెజారిటీ అయినవాడు ఝపటాపూర్‌లో మైనారిటీ.

బెంగాల్ 1961లో బెంగాలీని, డార్జిలింగ్ కొండల్లో నేపాలీని అధికార భాషలు చేసింది. 2012లో ఉర్దూ, హిందీ, సంతాలీ తదితర భాషలకు చోటిచ్చింది. తెలుగు వంతు 2020 డిసెంబరులో గానీ రాలేదు, అదీ అసెంబ్లీ ఎన్నికలు ముంగిట్లో ఉండగా. ఓటు కోసమే ఇచ్చినా హక్కు హక్కే. తనను తాను యూదు దేశంగా నిర్వచించుకున్న ప్రజాస్వామ్యం ఇజ్రాయెల్‌ది దీనికి ఎదురు దారి: బ్రిటిష్ పాలనలో 1922 నుంచీ అధికార భాషగా ఉన్న అరబిక్‌ను 2018 చట్టం 'ప్రత్యేక హోదా'కు దించింది. ఏ మతాన్నీ తనదనని రాజ్యాంగం ఉండటం మనకు కలిసొచ్చింది.

కానీ హోదా బడి నడపదు. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఖరగ్‌పూర్ పిల్లలకు పాఠ్యపుస్తకాలు, తెలుగు చెప్పే టీచర్లను పంపాలి. తల్లిదండ్రులు 350ఎ పేరెత్తి జిల్లా విద్యాధికారికి అర్జీ పెట్టుకోవాలి. అడగనిదే ఇచ్చే ఆఫీసు ఏ రాష్ట్రంలోనూ లేదు.