గింజ లేని కాయకు గింజ ఎక్కడిది?



పోయిన వారం ఒక తమ్ముడు ఫోన్ చేసి అడిగినాడు. "అన్నా, గింజ లేని కలింగర అంటావు, మరి ఆ కాయకు విత్తనం ఎక్కడినుంచి తెస్తారు?" ప్రశ్న చిన్నదే గానీ ఫోన్‌లో చెప్తే తేలేది కాదు. అందుకే రాస్తున్నా. కొంచెం పొడుగు ఉంటుంది, మధ్యాహ్నం అన్నం తిన్నాక తీరికగా చదవండి.

ముందు నా సంగతి. నాలుగేళ్ల కింద 30 సెంట్లలో సీడ్‌లెస్ కలింగర వేసినా. (కోస్తా వాళ్లకు పుచ్చకాయ అంటేనే తెలుస్తుంది.) తీగ బ్రహ్మాండంగా పాకింది. ఆడపూలు వచ్చినాయి, గోలీకాయంత పిందెలు కనపడినాయి. నాలుగైదు రోజులకు అవి పసుపు తిరిగి రాలిపోయినాయి. నీళ్లు ఎక్కువైనాయేమో అనుకున్నా, తెగులేమో అనుకున్నా, కొట్టని మందు లేదు. వింత ఏమంటే, తూర్పు గట్టు పక్కన మూడు సాళ్లలో మాత్రం కాయ నిలబడింది. గట్టు అవతల మా చిన్నాయన కొడుకు మామూలు గింజల కలింగర వేసి ఉన్నాడు. విత్తనం అమ్మినాయన ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ మూడు సాళ్ల మర్మం నాకు ఏడాది తర్వాత గానీ తెలీలేదు. దాని మొదలు వెతుక్కుంటూ పోతే జపాన్‌లో తేలింది.

క్యోటో విశ్వవిద్యాలయంలో కిహరా హితోషి అని ఒక శాస్త్రవేత్త ఉండేవాడు. 1893లో పుట్టినాడు. ఆయన కలింగర మనిషి కాదు, గోధుమ మనిషి. గోధుమల్లో కొన్ని రకాలకు 28 క్రోమోజోములు, మనం రొట్టె చేసుకునే రకానికి 42. ఆ రెండింటినీ సంకరం చేస్తే పుట్టే మొక్కకు 35 వస్తాయి. ఆ మొక్క పెరుగుతుంది గానీ గింజ సరిగ్గా కట్టదు. ఎందుకు కట్టదో కిహరా 1920లలో ఏళ్ల తరబడి సూక్ష్మదర్శినిలో చూసి లెక్క తీసినాడు.

ఆ లెక్క మన భాషలో చెప్తా. మామూలు కలింగరకు 22 క్రోమోజోములు, అంటే 11 రకాలు, ఒక్కోటి జత. పుప్పొడి తయారయ్యేటప్పుడు, ఆడపువ్వులో అండం తయారయ్యేటప్పుడు ఆ జతలు సగం సగం విడిపోవాల. రెండు ఎడ్లుంటే అన్నదమ్ములు తలా ఒకటి తోలుకుపోతారు, గొడవ లేదు. మూడు ఎడ్లుంటే? పంపకం కుదరదు. ప్రతి రకం క్రోమోజోము మూడేసి ఉండే మొక్కను త్రిస్థితికం అంటారు, ఇంగ్లీషులో ట్రిప్లాయిడ్. కలింగరకైతే 33. పంపకం కుదరదు కాబట్టి గింజ గట్టిపడదు, తెల్లటి లేత పొట్టుగానే ఆగిపోతుంది. మీరు సీడ్‌లెస్ కాయ కోస్తే కనపడే ఆ తెల్ల పొట్టులు అవే. తింటే పంటి కింద తెలీవు.

సరే, మూడు ఎట్లా తేవాల? నాలుగు ఉన్న మొక్కకూ రెండు ఉన్న మొక్కకూ పెళ్లి చేస్తే మూడు వస్తుంది. ఆ నాలుగు ఉన్న మొక్క దొరక్కనే పని ఆగిపోయింది.

దారి చూపించింది అమెరికా వాళ్లు. న్యూయార్క్ దగ్గర కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాలలో బ్లేక్స్‌లీ అనే ఆయన ఉమ్మెత్త మీద పరిశోధన చేసేవాడు. అవును, మన గట్ల మీద మొలిచే ఉమ్మెత్త జాతే. 1937లో ఆయనా, ఎవరీ అనే ఇంకొకాయనా కలిసి కోల్చిసిన్ అనే మందుతో మొక్కల్లో క్రోమోజోములు రెట్టింపు అవుతాయని ప్రకటించినారు. కణం రెండుగా చీలబోయే సమయానికి ఈ మందు అడ్డం పడుతుంది. క్రోమోజోములు రెట్టింపు అయినాయి గానీ గోడ పడదు, అన్నీ ఒకే ఇంట్లో ఉండిపోతాయి.

కోల్చిసిన్ యూరప్‌లో ఒక పూలగడ్డ నుంచి తీసేవాళ్లు, గౌట్ అనే కీళ్లనొప్పులకు వాడేవాళ్లు. మనకు దీనితో చుట్టరికం ఉంది. వానాకాలం కంపల మీద పాకి, నిప్పు మంటలాగా ఎర్రగా పసుప్పచ్చగా పూసే అడవినాభి తెలుసు గదా, దాని గడ్డలోనూ గింజలోనూ అదే కోల్చిసిన్ ఉంటుంది. చిన్నప్పుడు మా అవ్వ ఆ గడ్డ ముట్టనిచ్చేది కాదు, తింటే చస్తారనేది. అవ్వ చెప్పింది నిజమే, ఘోరమైన విషం. తమిళనాడులో రైతులు దాన్ని పందిరి మీద పాకించి గింజల కోసం పంటగా పండిస్తారు, మందుల కంపెనీలు కొంటాయి. ఆ రాష్ట్రం పువ్వు కూడా అదే.

కిహరా 1930ల చివర్లో ఈ మందును కలింగర మీదికి తెచ్చినాడు. 22ను 44 చేసినాడు. ఆ 44 మొక్కను తల్లిగా, 22 మొక్కను తండ్రిగా పెట్టి 33 విత్తనం తీసినాడు. తిరగేసి, 22ను తల్లిగా పెడితే మంచి విత్తనం రాదు. చెప్పడానికి నాలుగు ముక్కలే గానీ మధ్యలో రెండో ప్రపంచ యుద్ధం నడిచింది. పూర్తి వివరం 1951లో అమెరికా ఉద్యాన శాస్త్ర సంఘం పత్రికలో వేసినాడు.

ఇక్కడ ఒక మాట. సీడ్‌లెస్ అంటే ఇంజెక్షన్ కాయ అనీ, వేరే జీవి జన్యువు ఎక్కించినారనీ మన ఊళ్లల్లో అంటుంటారు. కాదు. జన్యువు బయటనుంచి ఏదీ రాలేదు. ఉన్నదాన్నే రెట్టించి, పెళ్లి చేసినారు. కోల్చిసిన్ పడింది తల్లి వంశం మొదట్లో ఎప్పుడో, మనం తినే కాయలో కాదు.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకు జవాబు వచ్చేసింది. గింజ లేని కాయ నుంచి విత్తనం రాదు. ప్రతి ఏడూ 44 తల్లినీ 22 తండ్రినీ వేరేగా పెంచి, చేత్తోనో తేనెటీగలతోనో కలిపించి, ఆ తల్లికాయ కోసి గింజ తీయాల. ఆ తల్లికాయలో మామూలు కాయలో ఉన్నన్ని గింజలు ఉండవు, చాలా తక్కువ. అందుకే ప్యాకెట్ అంత ఖరీదు. ఖరీదు పెట్టి తెచ్చినా గింజ పైపెంకు మందం, లోపల మొలక బలహీనం. చలిలో వేసినా, తడి ఎక్కువైనా కుళ్లిపోతుంది. వెచ్చగా 30 డిగ్రీల దగ్గర ఉంటేనే సరిగా మొలుస్తుంది. మొలిచినాక కూడా పెంకు ఆకులకు పట్టుకొని వదలదు.

జపాన్‌లో ఇది పెద్దగా పాకకపోవడానికి ఈ మొలక బాధ కూడా ఒక కారణం. అమెరికాలో ఐగ్‌స్టీ అనే ఆయన పట్టు వదలకుండా రకాలు తయారు చేసినాడు. ఈ రోజు ఆ దేశంలో అమ్మే 10 కలింగరల్లో 9కి పైగా గింజ లేనివే. మన దేశంలో ఢిల్లీ పూసా సంస్థ వాళ్లు పూసా బేదానా, బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్లు అర్కా మధుర తీసినారు. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఎర్ర కండకు షోణిమ, పసుపు కండకు స్వర్ణ విడుదల చేసింది.

ఇక నా మూడు సాళ్ల మర్మం. 33 మొక్క పూసే మగపూలల్లో పుప్పొడి పనికిరాదు, కారణం అదే పంపకం గొడవ. కానీ పిందె నిలబడాలంటే పుప్పొడి తగలాల్సిందే. గింజ కట్టకపోయినా, ఆ తాకిడి లేకుంటే కాయ ఊరదు. అందుకే మధ్య మధ్యలో మామూలు గింజల రకం వేయాల. నా చేలో అవి లేవు. చిన్నాయన కొడుకు చేలోనుంచి తేనెటీగలు గట్టు దాటి వచ్చినంత మేరకు కాయ నిలబడింది, మిగతాది రాలిపోయింది. నేను కొట్టిన మందులకు ఆ తేనెటీగలు ఎన్ని చచ్చినాయో, అది వేరే లెక్క.

అరటి చూడండి. చక్రకేళికీ మూడేసే, అమృతపాణికీ మూడేసే, మొత్తం క్రోమోజోములు 33, లెక్క కలింగరతో సరిగ్గా సమానం. కానీ అరటికి పుప్పొడి అవసరమే లేదు. విత్తనం కూడా అక్కర్లేదు, పక్క తోటాయన ఒక పిలక ఇస్తే చాలు. ఆ మూడు లెక్క కుదిర్చింది ప్రకృతి, దాన్ని ఏరి, పిలక తీసి దాచుకున్నది వేల ఏళ్ల కిందటి రైతులు. అందుకే దాని మీద ఎవరికీ బిల్లు కట్టం. కలింగరలో కుదిర్చింది ప్రయోగశాల. అది గింజ ద్వారానే రావాల, ఆ గింజ మన చేతిలో లేదు. నాకు రెండు పంటల మధ్య కనపడే అసలు తేడా ఇదే.

ఈ మధ్య అమెరికాలో ఇదే లెక్కను గంజాయి జాతి మొక్కకు పెట్టినారు. మత్తు తక్కువగా ఉండే హెంప్ రకాన్ని అక్కడ 2018 వ్యవసాయ చట్టంతో అనుమతించినారు. మందు నూనె కోసం ఆడపూలు కావాల. పూలల్లో గింజ పడితే నూనె తగ్గిపోతుంది. మగమొక్క పుప్పొడి గాలికి మైళ్ల దూరం పోతుంది, ఎవరో నార కోసం వేసుకుంటే ఇంకెవరి పంటో చెడుతుంది. అందుకని 20 క్రోమోజోముల మొక్కనుంచి 30 క్రోమోజోముల మొక్క తీసినారు, పుప్పొడి వచ్చి పడినా గింజ దాదాపు కట్టదు. కలింగరకు పుప్పొడి లేక నేను నష్టపోతే, వాళ్లు పుప్పొడి వచ్చి నష్టపోతున్నారు!

దీనికి పాత కథ కూడా ఉంది. ఇప్పటి బంగ్లాదేశ్‌లోని నౌగాం ప్రాంతంలో బ్రిటిషు వాళ్ల కాలంలో లైసెన్సు మీద గంజాయి పండించేవాళ్లు. పోద్దార్లు అనే పనివాళ్లు చేలో తిరిగి, పూత రాకముందే మగమొక్కలను గుర్తుపట్టి పీకేసేవాళ్లు. 1893-94లో వేసిన విచారణ సంఘం నివేదికలో ఈ పని గురించి రాసి ఉంది. క్రోమోజోము అనే మాట తెలీకుండానే వాళ్లు గింజ లేని పంట తీసినారు. మన దగ్గర మాత్రం 1985 చట్టం ఉంది, ఒక్క మొక్క వేసినా జైలే. ఎవరూ నా పోస్టు చూపించి ప్రయోగాలు చేయొద్దు.

నేను ఈ సంక్రాంతి దాటినాక, చలి తగ్గినాక, మళ్లీ 20 సెంట్లు సీడ్‌లెస్ వేస్తున్నా. ప్రతి మూడు సాళ్లకు ఒక సాలు గింజల రకం. కోతప్పుడు కలిసిపోకుండా దానికి చారలు లేని నల్లకాయ రకం ఎంచుకున్నా. నారు ట్రేలలోనే పోస్తా. పూత మీద మందు కొట్టను. 100 గింజలకు ఎన్ని మొలిచినాయో లెక్క పెట్టి ఇక్కడే పోస్టు పెడతా. మీలో ఎవరైనా ముందే వేసి ఉంటే మీ లెక్క కింద రాయండి.