అంతర్ అనే బండి, దాని షజరా

అంతరా ఇబ్న్ షద్దాద్ పేరు మనలో కొందరికైనా తెలిసే ఉంటుంది. ఇస్లాం రావడానికి ముందు, 6వ శతాబ్దపు అరబ్ షాయర్. బనూ అబ్స్ ఖబీలా వాడు. తండ్రి షద్దాద్ ఆ ఖబీలాలో పేరున్న మనిషి. తల్లి జబీబా హబ్షీ బాంది. బాంది కడుపున పుట్టాడు కాబట్టి కొడుకూ గులామే. జంగ్ మైదానంలో బహాదురీ చూపించాకే తండ్రి అతన్ని కొడుకని ఒప్పుకున్నాడని రివాయత్. అబ్లా మీద అతని ఇష్క్ కిస్సా అరబ్ దేశాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అతని ఖసీదా ఏడు ముఅల్లఖాత్‌లో ఒకటి.

ఆ షాయర్ పేరు ఇంగ్లండులో ఒక లారీకి పెట్టారు.

లారీ అంటే మన రోడ్ల మీద తిరిగేది అనుకోకండి. ఒట్టి బండే దాదాపు 20 టన్నులు. బేసింగ్‌స్టోక్ ఊళ్లో థార్నిక్రాఫ్ట్ అనే కంపెనీ తయారుచేసింది. రెండో జంగ్ అయిపోయాక ఇరాక్ పెట్రోలియం కంపెనీకి కిర్కుక్ నుంచి సిరియా తీరంలోని బనియాస్ దాకా చమురు పైపు వేయాల్సిన పని పడింది. 800 కిలోమీటర్లు, అందులో చాలా భాగం ఎడారి. మనిషి పాకుతూ దూరగలిగేంత లావు పైపుల్ని ఇసుకలో, రాళ్లలో మోసుకెళ్లే బండి కావాల్సి వచ్చింది. 1950 ప్రాంతంలో థార్నిక్రాఫ్ట్ వాళ్లు చేసిచ్చిన బండి పేరే మైటీ అంతర్. అరబ్బుల నేల మీద తిరగాల్సిన బండికి అరబ్బుల పహిల్వాన్ పేరు. ఆ పేరు ఎంచిన సాహెబు గులామ్ కొడుకు కథ పూర్తిగా చదివాడో లేదో గానీ, పేరు మాత్రం సరిగ్గా అతికింది. ఎందుకంటే ఈ బండి పుట్టిందీ మోయడానికే, తర్వాత జంగ్‌లోకి లాగబడిందీ మోయడానికే.

పైపులు మోసే బండిని చూసి బ్రిటిష్ ఫౌజ్ కన్నేసింది. సెంచూరియన్ ట్యాంకు బరువు 50 టన్నుల పైమాటే. దాన్ని దాని చక్రాల గొలుసు మీదే వందల మైళ్లు నడిపిస్తే గొలుసూ పోతుంది, రోడ్డూ పోతుంది. అందుకే ట్యాంకును కూడా ఇంకో బండి మీద ఎక్కించి తీసుకెళ్లాలి. ఆ పని అంతర్‌కి పడింది. 1980ల్లో స్కామెల్ కమాండర్ వచ్చేదాకా ఆ నౌకరీ సాగింది.

దీని ఇంజన్ కథ ఇంకా ముఖ్యం, హైదరాబాద్ వాళ్లకైతే మరీను. రోల్స్ రాయిస్ మెర్లిన్ అనే 12 సిలిండర్ల విమానం ఇంజన్ ఉండేది. స్పిట్‌ఫైర్, హరికేన్, లాంకాస్టర్ విమానాలు దాంతోనే ఎగిరాయి. దానికి సూపర్‌చార్జర్ తీసేసి ట్యాంకుల్లో బిగిస్తే మీటియర్ అయింది. ఆ మీటియర్‌లో నాలుగు సిలిండర్లు తగ్గించి ఎనిమిదితో చేస్తే మీటియరైట్. 27 లీటర్లది 18 లీటర్లయింది. మొదటి అంతర్లలో ఉన్నది ఈ మీటియరైట్ డీజిల్ ఇంజనే. అంటే మెర్లిన్ దాదా, మీటియర్ తండ్రి, మీటియరైట్ కొడుకు. రెండో జంగ్‌లో ఆ దాదా ఇంజన్లతో స్పిట్‌ఫైర్లు నడిపిన రాయల్ ఎయిర్‌ఫోర్స్ దళాల్లో ఒకదాని పేరు 152 హైదరాబాద్ స్క్వాడ్రన్. దాని బ్యాడ్జి మీద ఉండేది నిజాం దస్తార్. కింద మోటో, వఫాదార్ దోస్త్ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు. మొదటి జంగ్‌లోనూ 110వ స్క్వాడ్రన్ విమానాలకు నిజాం ఖజానా నుంచే డబ్బు వెళ్లింది. ఇది ఫఖ్ర్ చేయాల్సిన విషయమా అని నన్నడిగితే, ఆ ఖజానా నిండింది ఎవరి శిస్తుతో అని ముందు అడుగుతాను. కానీ తారీఖ్‌లో మన పేరున్న చోట మనం చూడకుండా పోవడం మంచిది కాదు.

ఇప్పుడు 1956కి రండి. నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేశాడు. బ్రిటన్ దండెత్తడానికి సిద్ధమైంది. తీరా చూస్తే సామ్రాజ్యం దగ్గర తన ట్యాంకుల్ని తన రేవుదాకా చేర్చే బండ్లు ఇంగ్లండులో చాలినన్ని లేవు. పిక్‌ఫోర్డ్స్ అనే ఇళ్ల సామాను మోసే కంపెనీ లారీలను కిరాయికి పిలిచారు. ఆ డ్రైవర్లు తమ యూనియన్ కాయిదాల ప్రకారం పనిచేశారు, టైముకి ఆగారు, టైముకి తిన్నారు. ట్యాంకులు ఓడరేవు చేరడానికి వారాలు పట్టింది. అదే నవంబరులో సిరియాలో ఆ కిర్కుక్ పైపు మీది పంపింగ్ స్టేషన్లను పేల్చేశారు. అంతర్ ఏ పైపు కోసం పుట్టిందో ఆ పైపు ఆగిపోయింది. ఒక లారీ షజరా పట్టుకుని వెళ్తే ఇంత తారీఖ్ తగులుతుంది. బాద్షాల పేర్లు బట్టీ పట్టించిన నా స్కూల్లో ఇలా చెప్పినవాళ్లు లేరు.

ఇక అసలు మాట్లాడాలనుకున్న మనుషుల దగ్గరికొస్తాను. ఇలాంటి పాత ఫౌజీ బండ్లను వెతికి, కొని, బాగుచేసి, వాటి పుట్టుపూర్వోత్తరాలు తవ్వే షౌకీన్లు బ్రిటన్‌లో చాలామంది. 1968లోనే సంఘం పెట్టుకున్నారు, ఇప్పుడు దాని పేరు మిలిటరీ వెహికిల్ ట్రస్ట్. జీపు ఉన్నవాడు ఇంటి ముందు నిలుపుకుంటాడు. 20 టన్నుల బండి ఉన్నవాడికి ముందు షెడ్డు కావాలి, తర్వాత టైర్లు కావాలి, ఆ తర్వాత బీవీ సబ్ర్ కావాలి.

వీళ్లలో ఎక్కువమంది మనసు పడ్డ బండి స్కామెల్ పయనీర్. 1927లో వాట్‌ఫర్డ్ ఫ్యాక్టరీలో పుట్టింది. ఇది కూడా మొదట చమురు బావుల దగ్గర, రోడ్డు లేని చోట్ల పనికోసం గీసిన బండే. ముందు ఇరుసు మధ్యలో ఒకే చోట కీలు మీద ఊగుతుంది, వెనక చక్రాలు ఒక్కొక్క పక్క రెండేసి తక్కెడలాగా పైకీ కిందికీ ఆడతాయి. ఒక చక్రం గుంటలో, ఇంకోటి గట్టు మీద ఉన్నా చాసిస్ మెలిపడదు. గార్డనర్ ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజన్, 102 గుర్రాల బలం. గంటకు 40 కిలోమీటర్లు దాటదు. రేడియేటర్ పైన కాఫీ కెటిల్ లాంటి నీళ్ల డబ్బా ఒకటి నిలబడి ఉంటుంది, ఫొటోలో దాన్ని చూసి పిల్లలు కూడా పయనీర్ అని గుర్తుపడతారు. పెద్ద తోపులు లాగడానికి ఒక రకం, పాడైన ట్యాంకుల్ని మోయడానికి ఒక రకం, క్రేన్, వించ్ ఉన్న రికవరీ బండి ఇంకో రకం. విజయవాడ ఆటోనగర్‌లో మన మిస్త్రీల ముందు ఈ వెనక ఇరుసు విప్పి పెడితే ఆ రోజు భోజనానికి ఎవరూ లేవరని నా నమ్మకం.

1940లో డంకర్క్ నుంచి ప్రాణాలతో బయటపడిన బ్రిటిష్ ఫౌజ్ 60 వేలకు పైగా బండ్లను ఫ్రాన్సులోనే వదిలేసింది. వాటిలో పయనీర్లూ ఉన్నాయి. చేతికొచ్చిన బండ్లను జర్మన్లు వాడుకున్నారు. మిగిలినవీ, కొత్తగా చేసినవీ జంగ్ అయ్యాక వేలానికి వచ్చాయి. నాటింగ్‌హామ్ దగ్గర రడింగ్టన్ డిపోలో ఇలాంటి వేలాలు 1980ల దాకా నడిచాయి. పాతసామాను కొనే కబాడీలు, గ్యారేజీ వాళ్లు, ముఖ్యంగా జాతరల్లో రంగులరాట్నాలు తిప్పేవాళ్లు కొన్నారు. ఒక బండి ఆరేళ్లు ఫౌజ్‌లో ఉంటే, తర్వాత 30 ఏళ్లు ఎర్ర రంగు, బంగారు గీతలతో ఊరూరా జాతర మోసింది.

షజరా ఎలా కడతారంటారా? చాసిస్ మీద రేకు ముక్క ఉంటుంది, దానిమీద నంబరు. జంగ్ కాలంలో బానెట్ పక్కన ఇంగ్లీషు హెచ్ అక్షరంతో మొదలయ్యే ఫౌజీ నంబరు రాసేవాళ్లు, హెచ్ అంటే బరువులు లాగే బండి. పైరంగును వాటర్ పేపర్‌తో తడుపుకుంటూ ఒక్కో పొర రుద్దుకుంటూ పోతే జాతర ఎరుపు కింద గ్యారేజీ నీలం, దాని కింద ఫౌజీ ఆకుపచ్చ, అదృష్టం బాగుంటే ఆ ఆకుపచ్చలో తెల్లటి హెచ్. గంటలు గంటలు మోచేతులు పడిపోయేలా రుద్ది ఒక్క అంకె దొరికితే ఈద్ చాంద్ కనబడ్డంత ఖుషీ. ఆ అంకె పట్టుకుని చిల్వెల్ డిపో జాబితాలకు పోవాలి. ఏ నంబర్లు ఏ కాంట్రాక్టు కింద ఏ కంపెనీకి ఇచ్చారో వాటిలో ఉంటుంది. 1949 నుంచి ఫౌజ్ కొత్త పద్ధతి నంబర్లు పెట్టింది, రెండంకెలు, రెండక్షరాలు, మళ్లీ రెండంకెలు. ఆ కాలం బండ్లకైతే రికార్డు కార్డులు ఉన్నాయి, రాయల్ లాజిస్టిక్ కోర్ మ్యూజియం వాళ్లు దాచారు. ఏ డిపోకి ఎప్పుడు వచ్చింది, ఏ యూనిట్‌కి ఎప్పుడు వెళ్లింది, ఎప్పుడు అమ్మేశారు, అన్నీ గుమాస్తా చేతిరాతలో.

అంటే 1950ల బండికి షజరా దొరుకుతుంది. జంగ్ కాలం బండికి నంబరు దొరుకుతుంది గానీ, ఆ నంబరు ఏ మైదానంలో తిరిగిందో చాలాసార్లు దొరకదు. ఇక్కడే ఈమాన్‌దారీకి పరీక్ష. బండి మీద ఎడారి ఎలుక బొమ్మ వేసేస్తే, అది 7వ ఆర్మర్డ్ డివిజన్‌ది, ఉత్తర ఆఫ్రికాలో రోమెల్ మీద పోరాడింది అని చూసేవాళ్లు చేతులు జోడిస్తారు. ధర కూడా పెరుగుతుంది. నిజానికి ఆ బండి ఆరేళ్లూ ఇంగ్లండు డిపోలోనే పడి ఉండొచ్చు. నంబరు తేలని బండి మీద ఏ యూనిట్ గుర్తూ వేయకుండా ఒట్టి ఆకుపచ్చ రంగుతో వదిలేసే షౌకీన్లున్నారు. వాళ్లంటే నాకు ఇజ్జత్. మన ఖాందాన్ షజరాల్లోనూ తెలియని తరం దగ్గర ఏ బుజుర్గ్ పేరో తగిలించిన కాయితాలు ఎన్ని చూడలేదు!

వాళ్లలో ఇంకో ఝగడా ఉంది. జాతర ఎరుపును గీకేసి ఫౌజీ రంగు వేయాలా, ఉన్నది ఉన్నట్టు ఉంచాలా? ఎక్కువమంది ఫౌజీ రంగు వైపే. నా ఓటు జాతరకి. 30 ఏళ్ల రోజీ రోటీని గీకేసి ఆరేళ్ల జంగ్‌ను చూపించడం ఏం ఇన్సాఫ్?

ఉర్దూలో జీమ్‌తో రాస్తే జంగ్ యుద్ధం, జే అక్షరంతో రాస్తే తుప్పు. తెలుగులో రాస్తే రెండూ ఒకటే. మొదటి జంగ్‌లోంచి బయటపడ్డ ఈ బండ్లు ఇప్పుడు రెండో దాంట్లో ఉన్నాయి. థార్నిక్రాఫ్ట్ పేరు చరిత్రలో కలిసిపోయింది, వాట్‌ఫర్డ్ స్కామెల్ ఫ్యాక్టరీ 1988లో మూతపడింది. విడిభాగం కావాలంటే చచ్చిన ఇంకో బండిలోంచి తీయాలి, లేదా లేతు మీద తిప్పించుకోవాలి. వాటిని చేతుల్తో నడిపిన తరం దాటిపోతోంది.

ఆ తరంలో మనవాళ్లూ ఉన్నారు. ఉత్తర ఆఫ్రికాలో పోరాడిన 4వ ఇండియన్ డివిజన్‌లో మద్రాస్ శాపర్స్ అండ్ మైనర్స్ ఉన్నారు, తెలుగు జవాన్లు చేరిన పాత దళం అది. రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్ డ్రైవర్లు సరుకులూ మందుగుండూ మోశారు. ఎల్ అలమైన్ స్మారకం గోడల మీద హిందుస్తానీ సిపాహీల పేర్లున్నాయి. తిరిగొచ్చినవాళ్ల పేర్లు ఏ గోడ మీదా ఉండవు. మా నానా తమ్ముడొకాయన జంగ్‌లో మిలిటరీ లారీ నడిపాడు, మిస్ర్ దాకా వెళ్లొచ్చాడు అని ఇంట్లో అంటారు. అంతే. ఏ యూనిట్, ఏ బండి, ఏ సాలు, అడిగితే చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు లేరు. ఎక్కడో డోర్సెట్ స్టీమ్ ఫెయిర్‌లో ట్యాంకును వీపున వేసుకుని కొండెక్కి చూపించిన అంతర్ కథ చాసిస్ నంబరుతో సహా దొరుకుతుంది. దాన్నో, దానిలాంటి దాన్నో నడిపిన మనిషి కథ దొరకదు. రికార్డు కార్డులో డ్రైవర్ పేరుకి గడి లేదు.

మన దగ్గర ఇలాంటి బండి ఏదైనా మిగిలిందా అని అడిగేవాళ్లకు హైదరాబాద్ బస్ భవన్ దగ్గర నిలబెట్టిన పాత ఆల్బియన్ బస్సు చూపిస్తాను. 1932లో నిజాం రైలు, రోడ్డు రవాణా శాఖ 27 బస్సులు, 166 మంది నౌకర్లతో మొదలైనప్పటిది. ఆ కాలం బస్సుల నంబర్లలోని జెడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు నుంచి వచ్చిందని చెప్పుకుంటారు. గ్లాస్గోలోని అదే ఆల్బియన్ కంపెనీ జంగ్‌లో పయనీర్లు చాలక ఫౌజ్‌కి తోపులు లాగే బండ్లు కూడా చేసిచ్చింది. ఆ 166 మందిలో స్టీరింగ్ పట్టినవాళ్లెవరో, వాళ్ల పోతలు, నవాసాలు ఇప్పుడు ఎక్కడున్నారో ఎవరైనా రాసిపెట్టారా?

మీ ఇంట్లో పాత ట్రంకు పెట్టె అడుగున దాదాదో నానాదో మిలిటరీ డిశ్చార్జి కాయితం, డ్రైవింగ్ లైసెన్సు, లారీ పక్కన నిలబడ్డ ఫొటో ఉంటే తీయండి. ఫొటోలో బండి బానెట్ మీద నంబరు కనిపిస్తే దాన్ని కూడా వేరే కాయితం మీద రాసుకోండి. చెదలు ముందు అంచుల్నే తింటాయి, నంబర్లు ఎక్కువగా అక్కడే ఉంటాయి.