టాపు మీద సైకిలు, సీటు కింద సైకిలు

ఒకప్పుడు మన ఎర్ర బస్సు వెనక ఇనప నిచ్చెన ఉండేది. చోడవరంలో బస్సు ఆగితే కోళ్ళ గంపలు, అరటి గెలలు, బియ్యం బస్తాలతో పాటు సైకిలు కూడా టాపెక్కేది. కిందనున్నవాడు రెండు చేతులా ఎత్తి అందిస్తే, పైనున్నవాడు బారు పట్టి లాగి, చక్రాన్ని కడ్డీకి తాడుతో బిగించేవాడు. కండక్టరు లగేజీ టిక్కెట్టు కొట్టేవాడు. సైకిలూ దాని మనిషీ ఒకే బస్సులో అనకాపల్లిలో దిగేవారు. ఐరోపాలో సైకిల్ని వెంట తీసుకెళ్ళడానికి మడిస్తే, ఆ అవసరాన్ని మన దగ్గర ఈ నిచ్చెన తీర్చింది. మడత సైకిలు మన ఊళ్ళకి ఇంత ఆలస్యంగా రావడానికి అసలు కారణం అదేనని నా నమ్మకం.

చోడవరం పక్కనే గోవాడ. సహకార చక్కెర ఫ్యాక్టరీ వల్ల ఉమ్మడి విశాఖ జిల్లా అంతటా తెలిసిన పేరు. 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉంది. ఇది చెరుకు సీమ. ఇక్కడ సైకిలంటే మొదట బరువు మోసేది, ఆ తర్వాతే మనిషిని మోసేది. పాల క్యాన్లు చెరో పక్కా వేలాడతాయి, క్యారేజీ మీద గడ్డిమోపు అడ్డంగా పడుకుంటుంది, బారు మీద పిల్లాడు కూర్చుంటాడు. బారు కింద నుంచి కాలు దూర్చి, ఒక పక్కకి వేలాడుతూ తొక్కడం నేర్చుకున్న తరాలు మావి. అలాంటి చోట 28 అంగుళాల చక్రాలు, లావు గొట్టాలు, కడ్డీ బ్రేకులు ఉన్న బండే బండి. మధ్యలో కీలు పెట్టి విరిచిన బండిని ఎవరు నమ్ముతారు?

ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ 1885లో రోవర్ సైకిలు తెచ్చాడు. రెండు చక్రాలూ దాదాపు సమానం, వెనక చక్రానికి గొలుసు. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. ఈ రెండూ కలిశాక పదేళ్ళు తిరక్కుండానే దాన్ని మడవాలన్న ఆలోచన పుట్టింది. పుట్టింది సుఖం కోసం కాదు, యుద్ధం కోసం. ఫ్రెంచి సైన్యాధికారి ఆన్రీ జెరార్ 1890ల్లో చేయించిన బండిని సిపాయి మడిచి వీపుకి తగిలించుకుని గోడ దూకేవాడు, వాగు దాటేవాడు. ఇటలీ బెర్సలియేరి దళాలకు బియాంకి కంపెనీ మడత బళ్ళు చేసిచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో 1942 నుంచి బ్రిటన్‌లో బీఎస్ఏ కంపెనీ పారాచూటు దళాల కోసం చేసిన సైకిలు అన్నిటికన్నా పేరు పొందింది. ఫ్రేము మధ్య రెండు రెక్కల నట్లు ఉండేవి, వాటిని వదులు చేస్తే బండి రెండుగా మడత పడేది. 1944 జూన్ 6న నార్మండీ తీరంలో దిగిన సైనికుల భుజాల మీద ఆ బళ్ళున్నాయి.

అదే యుద్ధంలో తెలుగువాళ్ళకి మరీ దగ్గరగా వచ్చిన సైకిలు మాత్రం మడిచేది కాదు. 1941 డిసెంబరులో మలయాలో దిగిన జపాను సేన సైకిళ్ళ మీదే దక్షిణానికి సాగింది. చాలకపోతే ఊళ్ళలో జనం దగ్గర లాక్కున్నారు. టైర్లు పేలిపోతే ఒట్టి రిమ్ముల మీద తొక్కారు. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పడింది. విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి తోటపనులకి వెళ్ళిన కుటుంబాలు అప్పటికే మలయాలో స్థిరపడి ఉన్నాయి. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద జపాను బాంబులు పడ్డాయి. మన పెద్దవాళ్ళ జ్ఞాపకాల్లో ఆ బాంబులకి ఉన్న చోటు ఆ సైకిళ్ళకి లేదు. సముద్రానికి అవతల ఉన్నవాళ్ళకి యుద్ధం చాలావరకు సైకిలు మీదే వచ్చింది.

మడత సైకిలు సైన్యం నుంచి ఇళ్ళలోకి రావడానికి పెట్రోలు కొరత దారి వేసింది. 1956 సూయజ్ సంక్షోభంతో బ్రిటన్‌లో పెట్రోలుకు రేషను పెట్టారు. మినీ కారుకి రబ్బరు సస్పెన్షను చేసిన అలెక్స్ మౌల్టన్ సైకిలు మీద దృష్టి పెట్టి, 1962లో చిన్న చక్రాల బండి దింపాడు. అది మడిచేది కాదు. అయితే చిన్న చక్రం పిల్లలకే అన్న ముద్రని పోగొట్టింది, ఆ మేలు మామూలుది కాదు. ఆ దెబ్బకి రాలీ కంపెనీ 1965లో ఆర్ఎస్‌డబ్ల్యూ తెచ్చి, తృప్తి చాలక 1968లో ‘ట్వెంటీ’ తెచ్చింది. 20 అంగుళాల చక్రాలు, మధ్యలో ఒకే ఒక్క లావు గొట్టం. కొన్నిటికి ఆ గొట్టంలోనే కీలు. 1970ల్లో బ్రిటన్ వీధుల్లో ఎక్కడ చూసినా అదే. తర్వాత హ్యారీ బికర్టన్ 1971లో అల్యూమినియంతో తేలికపాటి బండి చేశాడు. అది చూసిన ఆండ్రూ రిచీ 1970ల నడుమ లండన్‌లో తన గదిలోనే బ్రాంప్టన్ నమూనా కట్టాడు. 1973 చమురు సంక్షోభం చూసిన డేవిడ్ హాన్ అమెరికాలో లేజర్ శాస్త్రం నుంచి ఇటు మళ్ళి 1982లో డాహన్ పెట్టాడు. పెట్రోలుకి ఇబ్బంది వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు సైకిల్ని చిన్నది చేశారు, లేదా మడిచారు.

రాలీ మనకి తెలియని పేరు కాదు. స్వాతంత్ర్యం వచ్చాక సుధీర్ కుమార్ సేన్ ఆసన్‌సోల్‌లో సేన్ రాలీ పెట్టాడు. 1949లో మురుగప్ప కుటుంబం ఇంగ్లండు ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్‌తో కలిసి మద్రాసు అంబత్తూరులో టీఐ సైకిల్స్ పెట్టింది. హెర్క్యులెస్, ఫిలిప్స్, బీఎస్ఏ మనకి అక్కడి నుంచే వచ్చాయి. 1960లో ఆ ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ చేతికే ఇంగ్లండు రాలీ కూడా వెళ్ళింది. అంటే ట్వెంటీ కన్నవారూ మన హెర్క్యులెస్ కన్నవారూ ఒకే ఇంటివాళ్ళు. అయినా ట్వెంటీ మన పల్లెటూరి సైకిలు షాపులోకి దిగలేదు. సోనీపత్‌లో అట్లాస్ (1951), లూధియానాలో హీరో (1956) కూడా దేశానికి కావలసింది బరువు మోసే బండేనని గుర్తించి అదే చేశాయి. 1986లో హీరో ప్రపంచంలోకెల్లా పెద్ద సైకిళ్ళ తయారీదారుగా గిన్నిస్ పుస్తకానికి ఎక్కిందంటే ఆ నల్ల సైకిలు బలం మీదే. ఆ ముందరే, 1982లో పుట్టిన తెలుగుదేశం పార్టీ సైకిలు గుర్తు మీద గెలిచి 1983లో అధికారంలోకి వచ్చింది. గోడల మీద గీసిన ఆ బొమ్మకి పైన బారు ఉంది, పెద్ద చక్రాలున్నాయి. జనానికి తెలిసిన సైకిలు అదే.

దాన్ని తరిమింది మడత సైకిలు కాదు, మోపెడ్. 1972లో లూనా, 1980లో టీవీఎస్ 50. పాల క్యాన్లు వాటి మీదికి మారాయి. బస్సు టాపు మీది కడ్డీలు పోయాయి, నిచ్చెన పోయింది. స్టేషను దగ్గర సైకిలు స్టాండుల్లో మోటారు సైకిళ్ళు నిండాయి. 2011 జనగణన నాటికి దేశంలో నూటికి సుమారు 45 ఇళ్ళలో సైకిలుంది గానీ, అది చాలాచోట్ల బడి పిల్లలదే. 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినోత్సవం నాడు, అట్లాస్ సాహిబాబాద్ ఫ్యాక్టరీ మూతపడింది. ఈలోగా టీఐ వాళ్ళు బీఎస్ఏ ఫోల్డ్‌మ్యాన్ పేరుతో మన మడత బండి తెచ్చారు. టాపు మీద చోటు పోయాక గానీ సైకిలు బస్సు లోపలికి రావలసిన పని పడలేదు మరి.

నా దగ్గరున్నది ఫోల్డ్‌మ్యాన్ కాదు, పాత రాలీ ట్వెంటీ. ఓడల్లో పనిచేసి విశాఖలో స్థిరపడిన ఒక పెద్దాయన ఇంగ్లండు నుంచి తెచ్చుకున్నది, మోకాళ్ళు సహకరించక నాకు అమ్మారు. వెనక హబ్బు మీద నూనె పోసే చిన్న మూత పక్కన ‘74 5’ అని అచ్చు కొట్టి ఉంది. ఈ గేరు హబ్బులు చేసిన స్టర్మీ ఆర్చర్ కంపెనీ వాళ్ళు వాటి మీద తయారైన సంవత్సరం, నెల అలా కొట్టేవారు. 1974 మే. లోపల మూడు గేర్లు: మధ్యది సూటి, కిందిది దానిలో మూడొంతులు, పైది మూడోవంతు ఎక్కువ. ఏడబ్ల్యూ అనే ఈ రకం హబ్బు 1936 నాటి కొలతే, పెద్దగా మారలేదు. దాన్ని సరిచేయడానికి పెద్ద చదువు అక్కర్లేదు. రెండో గేరులో పెట్టి, ఇరుసు నట్టుకున్న కిటికీలోంచి చూడాలి. లోపలికి వెళ్ళే సన్న గొలుసు చివరి కడ్డీ భుజం ఇరుసు చివరతో సమంగా కనిపించేదాకా కేబులు తిప్పాలి. చోడవరంలో నా బండి చూసే మేస్త్రీ మొదటిసారి ఈ హబ్బుని చేతిలో తిప్పి, టకటక చప్పుడు విని, “ఇది గడియారం మాస్టారూ” అన్నాడు. అప్పట్నుంచి దానికి గ్రీజు పెట్టనివ్వడు, పల్చటి నూనే పోస్తాడు. అదే సరైన పద్ధతి.

పాత బండిని బాగుచేయడంలో మొదట మార్చవలసింది రంగు కాదు, రిమ్ము. పాతవి ఉక్కు రిమ్ములు, వానలో బ్రేకు పట్టవు. ఇంగ్లండు ట్వెంటీకి రిమ్ము అడ్డకొలత 451 మిల్లీమీటర్లు, ఆ టైరు మన పక్క వెతికినా కష్టం. పిల్లల సైకిళ్ళకి వేసే 20 × 1.75 టైరు 406 కొలత, అది ప్రతి షాపులోనూ వేలాడుతుంది. అందుకని అల్యూమినియం 406 రిమ్ములు కట్టించాను. దీనితో రిమ్ము అంచు ఇరవై రెండున్నర మిల్లీమీటర్లు కిందికి పోతుంది, పాత బ్రేకు చేతులు అందవు. పొడుగు చేతుల బ్రేకు వెతకాలి. రిమ్ము కొనేముందు హబ్బుకెన్ని చిల్లులో లెక్కపెట్టుకోవాలి. చిన్న చక్రం గోతిలో పెద్ద చక్రం కన్నా లోతుగా దిగుతుంది, అందుకే ఈ వెడల్పు టైరు మన రోడ్లకి తగినది. వెనక పళ్ళచక్రం ఒక ఇనప రింగుతో నిలుస్తుంది. స్క్రూడ్రైవరుతో ఆ రింగు లేపి, ఇంకొన్ని పళ్ళెక్కువున్నది వేస్తే వడ్డాది మీదుగా మాడుగుల వైపు ఎగువలో కాళ్ళకి ఊపిరి. మాడుగుల హల్వా కోసం నేను వెళ్ళేది ఆ దారినే.

కొన్నిటి జోలికి పోకూడదు. హ్యాండిల్ కింద పైబుష్ నైలానుది, దాని వల్ల హ్యాండిల్ కాస్త బరువుగా తిరుగుతుంది. చాలామంది అది అరిగిపోయిందనుకుంటారు. కానీ చిన్న చక్రపు తత్తరపాటుని ఆపేది అదే. మడతబందు దగ్గర మాత్రం రాజీ పనికిరాదు. పిన్ను ఊగినా, పట్టీ వదులైనా లేత్ దగ్గరికి తీసుకెళ్ళి కొత్త పిన్ను తిప్పించుకోవాల్సిందే. పదిహేడు కిలోల పైచిలుకు బండి కాబట్టి తేలికన్న ఆశ పెట్టుకోవద్దు. అనకాపల్లి స్టేషనులో మడిచి ఎత్తుకున్నప్పుడు భుజానికి తెలుస్తుంది.

దీని అందం తొక్కేటప్పుడు తెలుస్తుంది. పైన బారు లేదు కాబట్టి పంచె కట్టినవాళ్ళు, చీర కట్టినవాళ్ళు కూడా సులువుగా ఎక్కి దిగొచ్చు. సీటూ హ్యాండిలూ పైకీ కిందకీ జరుగుతాయి, ఇంట్లో ఎవరైనా తొక్కొచ్చు. క్రషింగు రోజుల్లో చెరుకు లారీలు, ట్రాక్టర్లు వరసకట్టిన రోడ్డు వారన వెళ్తుంటే బండి ఇరుకులోంచి దూరిపోతుంది. ఫ్యాక్టరీ దాటేదాకా మొలాసిస్ వాసన. అనకాపల్లి నుంచి రైల్లో విశాఖ, అక్కడ విప్పి బీచి రోడ్డు. తిరుగు ప్రయాణంలో మళ్ళీ రైలు, సీటు కింద సైకిలు. ఒకప్పుడు ఈ పనికి ఇద్దరు మనుషులు, ఒక తాడు, ఒక నిచ్చెన కావలసి వచ్చాయి.

అటక మీదో గొడౌన్లోనో ఇలాంటి బండి ఉన్నవాళ్ళకి ఒక మాట. విప్పేటప్పుడు ప్రతి నట్టూ, ప్రతి కోనూ ఒక సంచిలో వేసి పేరు రాసి పెట్టండి. రాలీ ఫోర్కుకీ, పెడళ్ళ ఇరుసుని పట్టే బీబీ కప్పులకీ అంగుళానికి 26 థ్రెడ్లు, మామూలుగా దొరికేవి 24. చూపుకి ఒకేలా ఉంటాయి, రెండు చుట్లు ఎక్కుతాయి కూడా. మూడో చుట్టుకి బలవంతం చేస్తే ఫ్రేములోని మర పోతుంది, దాన్ని మళ్ళీ బాగుచేయడం చాలా కష్టం.