అరిగిన పంటికి ఆమ్లంతోనే అతుకు

పిప్పిపన్నును శుభ్రం చేసి నింపే పనిలో దంతవైద్యులు చాలాకాలం అంటించడాన్ని కాక బిగించడాన్నే నమ్ముకున్నారు. వెండి, తగరం వంటి లోహాలను పాదరసంతో కలిపి తయారుచేసే అమాల్గం పంటికి తనంతట అతుక్కోదు గనుక, గుంటను పైన ఇరుకుగా, అడుగున వెడల్పుగా చెక్కి అందులో దానిని కూరేవారు. ఆ చెక్కుడులో ఆరోగ్యంగా ఉన్న భాగమూ కొంత పోయేది. పుల్లని పానీయాల వల్లనో, కడుపులోంచి పదేపదే పైకి వచ్చే జఠరరసం వల్లనో పళ్లు కరిగిన వారికి ఈ పద్ధతి బొత్తిగా పనికిరాదు. ఆ అరుగుదల లోతులేకుండా వెడల్పుగా పరచుకుంటుంది కనుక, బిగింపుకు చోటు కల్పించాలంటే అసలే తరిగిపోయిన పంటిని మరింత తరగవలసి వస్తుంది.

ఈ చిక్కుకు దారి దొరికింది కూడా ఆమ్లంలోనే. రంగు గట్టిగా పట్టడానికి లోహపు రేకులను ముందుగా ఫాస్ఫారిక్ ఆమ్లంతో శుద్ధిచేసే కర్మాగారాల పద్ధతిని అమెరికాలోని రోచెస్టర్ నగరంలో ఈస్ట్‌మన్ డెంటల్ డిస్పెన్సరీకి చెందిన మైకేల్ బ్యూనోకోర్ పంటిమీద ప్రయోగించి, ఆ ఫలితాలను 1955లో జర్నల్ ఆఫ్ డెంటల్ రీసెర్చ్‌లో ప్రకటించాడు. పంటి పైపొర అయిన ఎనామిల్‌ను 85 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లంతో 30 సెకన్లు తడిపి, కడిగి, ఆరబెట్టి ఆక్రిలిక్ బొట్టును అంటిస్తే, ఆమ్లం తాకని పంటిమీద కొద్ది గంటల్లో ఊడిపోయేది ఇక్కడ వెయ్యి గంటలకు పైగా నిలిచింది. ఆమ్లం ఎనామిల్‌లోని ఖనిజాన్ని అక్కడక్కడ ఎక్కువతక్కువలుగా కరిగించి కంటికి కనబడని రంధ్రాలను ఏర్పరుస్తుంది. ద్రవరూపంలో ఉన్న రెజిన్, అంటే గట్టిపడే కృత్రిమ జిగురు, వాటిలోకి వేళ్లలా దిగి గడ్డకడుతుంది. ఇంత సులువైన ఉపాయాన్ని వృత్తిలోనివారు పెద్దగా పట్టించుకోకపోవడానికి ఒక కారణం, అంటించదగిన మేలైన పదార్థం అప్పటికి లేకపోవడమే. రఫేల్ బోవెన్ రూపొందించిన బిస్-జి.ఎం.ఎ. అనే రెజిన్‌కు 1962లో పేటెంటు లభించాక, దానిలో సన్నని గాజుపొడి వంటివి కలిపిన కాంపోజిట్లు ఆ లోటు తీర్చాయి.

అయితే ఆమ్లం బాగా తినేసిన పంటిలో మిగిలేది ఎనామిల్ కాదు, దాని కిందనున్న డెంటిన్. ఎనామిల్ బరువులో 96 శాతం దాకా ఖనిజమే కాగా, డెంటిన్‌లో అది సుమారు 70 శాతమే; మిగిలినదంతా కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగులు, నీరు. తేమను సహించని జిగురును నిత్యం తడిగా ఉండే పొరకు అంటించడమే అసలు పరీక్ష, అందుకే ఈ భాగం చరిత్ర నిదానంగా నడిచింది. డెంటిన్‌కు ఆమ్లం తగిలితే లోపలి నాడి చెడుతుందన్న పాశ్చాత్యుల భయాన్ని లక్ష్యపెట్టక జపాన్‌లో తకావో ఫుసాయామా 1979లో రెండు పొరలకూ కలిపి ఆమ్లం పూశాడు. ఖనిజం తొలగిన కొల్లాజెన్ పోగుల మధ్యకు రెజిన్ ఇంకి, రెండూ కలగలిసిన సంకరపొర ఏర్పడుతుందని నొబువో నకబయాషి 1982లో చూపాడు. ఖనిజంలోని కాల్షియంతో రసాయనికంగా కూడా బంధించుకునే ఎం.డి.పి. వంటి అణువులు తరువాతి జిగురులలో చేరాయి.

ఆహారపు ఆమ్లంతో కరిగిన డెంటిన్ మాత్రం ఇప్పటికీ మొండికేస్తుంది. ఖనిజం పోయి బయటపడిన కొల్లాజెన్‌ను నోటిలోని ఎంజైములు క్రమంగా జీర్ణించుకుంటాయి, నీరు రెజిన్‌ను నానబెడుతుంది; కాబట్టి పైనున్న మెత్తని పొరను కొద్దిగా గీకి, అంచులలో మిగిలిన ఎనామిల్‌ను పట్టుకొమ్మగా వాడుకుని అతకడం, దానితోపాటు రోగికి ఆమ్లం చేరే మార్గాన్ని కనిపెట్టి ఆపడం వైద్యుని పనిలో భాగమయ్యాయి.