ఘనగిరి

తుగ్లకాబాదు, పురానాకిలా శిథిలములను తరచుగ చూచు మనకు రాజధానులు వెలయుటయు, విడువబడుటయు వింతగాదు. తెలుగునాటను అట్టి గాథ గల చిన్న కొండయూరు ఒకటి కలదు. అది పెనుకొండ. 2022వ సంవత్సరము వరకు అనంతపురము జిల్లాలోనిది. నేడు శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. సంస్కృతమున దీనికి ఘనగిరి యని పేరు.

హంపి ధ్వంసముతో విజయనగర చరిత్ర ముగిసెనని మనలో పెక్కురి తలంపు. ఆ తలంపు సరికాదని చెప్పుటకు పెనుకొండ యొక్కటి చాలును.

ఈ కోట బుక్కరాయల కాలము నాటికే ప్రసిద్ధము. ఉత్తరద్వారమున 1354 నాటి శాసనము కలదు. ఆ రాజు తన కుమారుడైన విరూపణ్ణ ఒడెయరును ఇచ్చట పాలకునిగా నిలిపెను. హంపి వెలుగుచున్నంత కాలము ఇది రెండవ రాజధాని వంటిదై యుండెను.

1565 జనవరిలో రక్కసి-తంగడి యుద్ధమున అళియ రామరాయలు హతుడయ్యెను. ఆయన తమ్ముడు తిరుమలరాయలు, పేరునకు మాత్రమే రాజైన సదాశివరాయలను వెంటగొని పెనుకొండ చేరెను. హంపిని మరల నిలుపుటకు ఆయన చేసిన యత్నము ఫలింపలేదు. 1567లో హంపిలో ఏడు నెలలు గడపిన వెనిసు వర్తకుడు చేసారె ఫెదరీచి, రాజు సపరివారముగ ఎనిమిది దినముల ప్రయాణదూరమున నున్న పెనుకొండ కోటకు తరలెనని వ్రాసినాడు. 1570 ప్రాంతమున తిరుమలరాయలు పట్టము కట్టుకొనగా ఆరవీటి వంశపు పాలన ఆరంభమయ్యెను.

ఓడిన రాజ్యమునకు కవిత్వ మెక్కడిది యని యడుగుదురేమో! రామరాజభూషణుడు తన వసుచరిత్రమును అంకితమిచ్చినది ఈ తిరుమలరాయలకే. రాయల కాలపు ప్రబంధధార హంపితో ఇంకిపోలేదు.

కోట బలమునకు గొప్ప పరీక్ష 1589లో వచ్చెను. గోలకొండ సుల్తాను మహమ్మదు కులీ కుతుబ్షా ముట్టడించెను. అప్పటి రాజు వేంకటపతిరాయలు సంధిమాటలతో గడువు సంపాదించి, ఆ నడుమ ఆహారమును, సేనలను కోటలోనికి చేర్చుకొనెను. వానకాలము సమీపించుటతో సుల్తాను మరలిపోయెను. అయినను సరిహద్దుకు దగ్గరగు ఈ చోటు క్షేమము కాదని యెంచి, 1592 ప్రాంతమున ఆయన చంద్రగిరికి తరలెను. నాటితో పెనుకొండ రాజవైభవము తగ్గెను. కాలక్రమమున పెక్కురి చేతులు మారి, 1800లో దత్తమండలములతో కూడ కుంపిణీవారి వశమయ్యెను.

నేడచ్చట గగనమహలు, జంట దేవాలయములు, పార్శ్వనాథ బసది, బాబయ్య దర్గా, షేర్‌ఖాన్ మసీదు ఒకే కొండ నీడలో నున్నవి. రాజులు కోటకై పోరాడిరి. ప్రజలు ఒకరి ప్రక్క నొకరు ఆరాధన సాగించుకొనిరి. 2019 నుండి సమీపమున ఎఱ్ఱమంచి వద్ద కారుల కర్మాగారము పనిచేయుచున్నది.

ధర్మవరము నుండి బెంగుళూరికి పోవు రైలుమార్గమున ఈ యూరికి స్టేషను కలదు. సెలవులకు ఆ దారిని పోవువారు ఒక పూట దిగి, పిల్లలకు ఆ కోటను చూపవలెను. వారికి ఆగ్రా తెలియును, ఢిల్లీ తెలియును. ఘనగిరి తెలియకున్న లోపము పెద్దలదే.