సూదుల వైద్యం మన దాకా వచ్చిన కథ

మా అల్ దోహా అల్ జదీదాలో నడుంనొప్పి మాట వస్తే చాలు, ఎవరో ఒకరు "ఆక్యుపంక్చర్ చేయించుకో" అంటారు. ఆ సూదుల సంగతి చెబుతాను.

క్రీస్తుపూర్వం 113లో చనిపోయిన చైనా రాజకుమారుడు లియూ షెంగ్ సమాధిలో 1968లో బంగారు, వెండి సూదులు దొరికాయి. మన దేశానికి ఈ వైద్యం తెచ్చింది డాక్టర్ బిజయ్ కుమార్ బసు. 1938లో, జపాన్ దాడిలో గాయపడ్డ చైనీయులకు సేవ చేయడానికి వెళ్ళిన మన ఐదుగురు డాక్టర్లలో ఆయనొకరు. తర్వాత మళ్ళీ వెళ్ళి నేర్చుకుని, 1959లో కలకత్తాలో మొదలుపెట్టారు. అదే బృందంలోని కోట్నీస్ శాంతారాం సినిమాతో అందరికీ తెలుసు. బసుని మరిచిపోయాం, నాకదే బాధ.

ఇప్పటి సూది చాలా సన్నం. గుచ్చితే చీమ కుట్టినట్టు, తర్వాత తిమ్మిరిగా, బరువుగా ఉంటుంది. ఇరవై, ముప్ఫై నిమిషాలు కదలకుండా పడుకోవాలి. ఒక్కసారికి తగ్గదు. నొప్పికి కొంత ఉపశమనం, అంతే. దీన్ని నమ్మి షుగరు, బీపీ మందులు ఆపకండి. రక్తం పలచబరిచే మందులు వాడేవారు, గర్భిణీలు ముందే చెప్పాలి.

ఖతార్ 2016లో ఈ వైద్యానికి లైసెన్సులు మొదలుపెట్టింది. అది చూపించమనండి. సూది ప్యాకెట్ మీ ఎదుటే విప్పాలి. చవగ్గా గదిలోనే చేస్తామంటే వెళ్ళకండి, వాడిన సూదితో హెపటైటిస్ రావచ్చు.